దాచిన కేసే దారికి అడ్డం



మన బిడ్డలు పైలట్ శిక్షణ వైపు అడుగులు వేస్తున్నందుకు సంతోషిస్తున్నాం. అయితే దరఖాస్తులో ‘మీపై కేసులున్నాయా?’ అన్న ప్రశ్న వద్ద వారి కలం ఆగిపోతోంది. ధర్నాలో నినాదాలిచ్చిన కేసో, వీధి తగాదా కేసో రాస్తే, పేరు చూసి పక్కన పెడతారన్న భయం. ఆ భయం నిరాధారమని మనం అనం. కానీ దాచడం దానికి మందు కాదు.

విమానాశ్రయ ప్రవేశ పాసుకు పోలీసు విచారణ తప్పనిసరి. దాచిన కేసు అక్కడ బయటపడవచ్చు. శిక్షణకు అమెరికా వెళ్లేవారికి మరో జాగ్రత్త అవసరం: అక్కడి పైలట్ వైద్య దరఖాస్తులో ఉద్దేశపూర్వకంగా అబద్ధం రాస్తే చేతిలో ఉన్న లైసెన్సు సైతం రద్దు కావచ్చు.

కనుక ముందుగా ప్రశ్నను సరిగా చదవాలి. అరెస్టు వేరు, పెండింగు కేసు వేరు, శిక్ష వేరు. న్యాయస్థానంలో నేరం ఒప్పుకొని, జరిమానా కట్టి ‘కేసు పోయింది’ అనుకుంటాం. చట్టం దృష్టిలో అది శిక్షే. నిర్దోషిగా బయటపడిన కేసైతే తీర్పు ప్రతిని జతచేయాలి.

ఉద్యోగార్థులు కేసులు దాచడంపై 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు మార్గదర్శకాలిచ్చింది. ఇచ్చే సమాచారం నిజమై ఉండాలి; ఫారంలోని ప్రశ్న స్పష్టంగా ఉండాలి; చిన్న వయసులో నినాదాలివ్వడం వంటి స్వల్ప విషయాన్ని దాచినా యాజమాన్యం తన విచక్షణతో మన్నించవచ్చు. నిజం చెప్పినంత మాత్రాన ఉద్యోగం ఇచ్చి తీరాలని లేదనీ స్పష్టం చేసింది.

నిజం రాయడం మన బాధ్యత. పేరును కాక నేర తీవ్రతను చూసి నిర్ణయించమని అడగడం మన హక్కు. తిరస్కరిస్తే కారణాలను లిఖితపూర్వకంగా కోరుదాం.