టెర్మినల్: తీగకి ఈ కొస

లినక్స్ గానీ మ్యాక్ గానీ వాడేవాళ్లు వీడియో ఒక్క నిమిషం ఆపి టెర్మినల్ తెరవండి. టి, టి, వై అని మూడు అక్షరాలు కొట్టి ఎంటర్ నొక్కండి.

[తెర మీద: నల్ల విండో, ఒక్క వరుస జవాబు]

ఫైలు పేరులాంటి చిన్న జవాబు వచ్చింది కదా. మీరు కొట్టిన ఆ మూడక్షరాలు టెలిటైప్‌రైటర్ అనే మాటకి పొట్టి రూపం. ‘నేను ఏ టెలిటైప్ ముందు కూర్చున్నాను?’ అని మీరు అడిగారు, ఫలానా దాని ముందు అని కంప్యూటర్ చెప్పింది. టెలిటైప్‌లు మూలపడి దశాబ్దాలయింది. అయినా మీ ముందు ఒకటి ఉందనే లెక్కలోనే మీ సిస్టమ్ ఇవాళ్టికీ నడుస్తోంది.

ఆ యంత్రం ఎలా ఉండేదో తెలిస్తే ఈ నల్ల విండో మీద భయం సగం పోతుంది. 1963లో వచ్చిన టెలిటైప్ మోడల్ 33 తీసుకుందాం. కీబోర్డు, కాగితపు చుట్ట, అచ్చు కొట్టే తల, అంతే. స్క్రీన్ లేదు. సెకనుకి పది అక్షరాలు, అవీ అన్నీ క్యాపిటల్ అక్షరాలే. కంప్యూటర్ పక్క గదిలోనో పక్క ఊళ్లోనో ఉండేది, మధ్యలో తీగ. ఆ తీగకి మనిషి కూర్చునే కొసని టెర్మినల్ అన్నారు. లెక్కలు చేయడం దానికి రాదు. మీరు కొట్టింది అటు పంపుతుంది, అటునుంచి వచ్చింది అచ్చు వేస్తుంది.

బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ 1969లో యూనిక్స్ మొదలుపెట్టిన రోజుల్లో వాడింది ఇలాంటి యంత్రాలే. ఫైళ్ల జాబితాకి ఎల్ ఎస్, కాపీకి సి పి, తీసేయడానికి ఆర్ ఎమ్. కమాండ్లు ఇంత పొట్టిగా ఎందుకున్నాయని కొత్తగా నేర్చుకునేవాళ్లు విసుక్కుంటారు. సెకనుకి పది అక్షరాల వేగంతో పని చేసుకున్నవాళ్లకి ఒక్క అక్షరం తగ్గినా లాభమే. పాస్‌వర్డ్ కొడుతుంటే చుక్కలు కూడా కనపడవు చూడండి, కీబోర్డు పాడైందేమో అని చాలామంది కంగారుపడే చోటు అది. కాగితం మీద పాస్‌వర్డ్ అచ్చయితే చింపి పారేసేదాకా అక్కడే ఉంటుంది. అందుకే అచ్చు ఆపేసేవారు, ఆ అలవాటే మనదాకా వచ్చింది.

ఇంకొకటి. టెలిటైప్‌లో కొత్త వరుసకి వెళ్లాలంటే రెండు పనులు జరగాలి: అచ్చు కొట్టే తల ఎడమ అంచుకి రావాలి, కాగితం ఒక వరుస పైకి జరగాలి. వాటికి రెండు వేర్వేరు సంకేతాలు, 13, 10. విండోస్ టెక్స్ట్ ఫైళ్లలో ప్రతి వరుస చివరా ఇప్పటికీ రెండూ ఉంటాయి, లినక్స్‌లో 10 ఒక్కటే. లినక్స్‌లో రాసిన ఫైలుని పాత నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే మొత్తం ఒకే వరుసగా వచ్చేది గుర్తుందా? మైక్రోసాఫ్ట్ దాన్ని సరిచేసింది 2018లో.

[తెర మీద: విటి 100 ఫొటో]

తర్వాత కాగితం పోయి గాజు తెర వచ్చింది. అలాంటిదే 1978లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కంపెనీ తెచ్చిన విటి 100. 24 వరుసలు, వరుసకి 80 అక్షరాలు. ఆ 80 కూడా ఐబీఎం 1928లో తెచ్చిన పంచ్ కార్డు కొలతే. మీ విండో 80 అక్షరాల వెడల్పుతో తెరుచుకుంటే కారణం అదే. మీరు వాడేది అసలు టెర్మినల్ కాదు, దాన్ని అనుకరించే ప్రోగ్రాం. మీరు కొట్టిన కమాండ్‌ని అర్థం చేసుకునేది దాని వెనకున్న షెల్, అంటే బ్యాష్, జెడ్‌షెల్ లాంటివి. ఈ రెండిటినీ కలిపేసి చెప్పే పాఠాలు చాలా ఉన్నాయి. అక్కడే విద్యార్థులు తడబడతారు. ‘కమాండ్ నాట్ ఫౌండ్’ అని చెప్పింది షెల్. టెర్మినల్ ఆ మాటని తెర మీద వేసింది, అంతే.

ఈ తేడా రైల్వే రిజర్వేషన్ కౌంటర్ దగ్గర ఇంకా బాగా కనిపిస్తుంది. 1980ల మధ్యలో ఢిల్లీలో చేతిరాత రిజిస్టర్లు పోయి కంప్యూటర్ రిజర్వేషన్ మొదలైంది. తర్వాత ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాద్ ఐదు కేంద్రాలయ్యాయి. 1999కల్లా ఐదింటినీ కలిపారు. కౌంటర్‌లో క్లర్కు ముందున్న టెర్మినల్‌కి ఏ బెర్తు ఖాళీయో తెలియదు. తెలిసేది కేంద్రంలోని కంప్యూటర్‌కే. అందుకే గుంటూరు కౌంటర్‌లో నిలబడి హౌరా నుంచి ఢిల్లీకి టికెట్ తీసుకోగలం. అందుకే లింక్ పోతే ఎదురుగా స్క్రీన్ వెలుగుతున్నా క్లర్కు ఏమీ చేయలేరు. కిరాణా కొట్లో కార్డు స్వైప్ చేసే మెషీన్ కూడా ఇదే జాతి. ఆ రసీదు మీద టిఐడి అని ఒక నంబరు ఉంటుంది. అది ఆ టెర్మినల్ గుర్తింపు. డబ్బు కట్ అయి రసీదు రాకపోతే బ్యాంకుకి ఫిర్యాదులో ఆ నంబరు రాయండి. కొట్టువాళ్లని అడిగితే పాత రసీదు చూసి చెబుతారు.

ప్రయాణాల్లోని టెర్మినల్ మనకి బాగా తెలిసిందే కాబట్టి త్వరగా చెప్పేస్తాను. పట్టాలు ఆగిపోయే స్టేషన్ ఎలా ఉంటుందో చూడాలంటే ముంబయిలో 1888లో పూర్తయిన ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్ ఉంది. మన విశాఖపట్నం ఇంకా విచిత్రం. విజయవాడ నుంచి హౌరా వెళ్లే రైలు విశాఖలోకి వచ్చి, ఇంజన్‌ని అటు చివర తగిలించుకుని, వచ్చిన వైపుకే బయల్దేరుతుంది. ఊరు పెద్దదైనా స్టేషన్ కట్టుబడి అలాంటిది. విమానాశ్రయంలోనైతే టెర్మినల్ అంటే నేల ప్రయాణం ఆగి గాలి ప్రయాణం మొదలయ్యే భవనం. శంషాబాద్‌లో దేశీయానికీ, అంతర్జాతీయానికీ ఒకటే. ఆ అలవాటుతో ఢిల్లీ, ముంబయి వెళ్లకండి. అక్కడ ఒక టెర్మినల్ నుంచి ఇంకోదానికి రోడ్డెక్కి వెళ్లాల్సి రావచ్చు. టికెట్ మీద టి1, టి2 అని ఉన్నది ముందురోజే చూసుకోండి.

[తెర మీద: ల్యాబ్ రిపోర్టు నమూనా, పేర్లు లేకుండా]

ఇప్పుడు ఈ వీడియో చేయడానికి అసలు కారణం. ఈ రోజుల్లో రిపోర్టు డాక్టర్ కంటే ముందు మన వాట్సాప్‌కి వస్తోంది. అందులో టెర్మినల్ అని కనిపిస్తే గుండె ఆగినంత పనవుతుంది. పెద్దపేగు పరీక్ష, అంటే కొలనోస్కోపీ రిపోర్టులో ‘టెర్మినల్ ఇలియం’ అని ఉంటే అది శరీరంలో ఒక చోటు పేరు. చిన్నపేగు చివరి భాగం, బి12 విటమిన్ ఒంటికి పట్టేది అక్కడే. పేగు క్షయ తరచుగా ఆ చుట్టుపక్కలే వస్తుంది కాబట్టి డాక్టర్లు అక్కడిదాకా చూసి రాస్తారు. గుండెకి చేసే ‘ఎన్-టెర్మినల్ ప్రో బిఎన్‌పి’ రక్తపరీక్షలో ఆ మాట ఒక ప్రొటీన్ గొలుసుకి ఉండే రెండు కొసల్లో ఒకదాని పేరు. అంకె ఎక్కువుంటే గుండె మీద భారం పడుతోందేమో చూడాలి. ఆ టెర్మినల్‌కీ చావుకీ సంబంధం లేదు. ఆ మాట పక్కన అవయవం పేరుందా, పరీక్ష పేరుందా అన్నది ముందు చూడండి.

జబ్బునే టెర్మినల్ అన్నారంటే మాత్రం, అది నయం కాదు, ప్రాణం తీస్తుంది అని అర్థం. దాన్ని నేను తేలిక చేయను. కానీ ఆ మాట విన్న చాలా కుటుంబాలు వైద్యం అయిపోయిందనుకుని ఇంటికి తీసుకెళ్లిపోతాయి. తర్వాత మిగిలేది నొప్పి. ఆ నొప్పికి వైద్యం ఉంది. పాలియేటివ్ కేర్ అంటారు, ఆఖరి రోజుల దాకా ఆగకుండా ముందే మొదలుపెట్టొచ్చు. హైదరాబాద్ ఎమ్‌ఎన్‌జె క్యాన్సర్ ఆస్పత్రిలో ఆ విభాగం ఉంది. క్యాన్సర్ నొప్పికి వాడే మార్ఫిన్ ఆస్పత్రులకి దొరకడం ఒకప్పుడు చాలా కష్టం, రకరకాల లైసెన్సులు కావాలి. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టాన్ని 2014లో సవరించాక ఆ ముడి కొంత వదిలింది.

మీ ఇంట్లో ఎవరికైనా ఆ పరిస్థితి వస్తే, డాక్టర్ని ‘ఇంకెంత కాలం?’ అని అడిగి ఊరుకోకండి. నొప్పికి ఏం ఇస్తారు, ఆయాసం వస్తే ఏం చేయాలి, ఇంటికొచ్చి చూసేవాళ్లున్నారా, అర్ధరాత్రి ఏ నంబరుకి ఫోన్ చేయాలి అని అడగండి. జవాబులు కాగితం మీద రాయించుకోండి.