నది మట్టం, ఊరి గడప

భద్రాచలం వద్ద గోదావరి నీటిమట్టం 43 అడుగులకు చేరగానే మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది జారీ అవుతాయి. వర్షాకాలంలో ఈ అంకెలు చెవిని పడని తెలుగువారు అరుదు. అయితే నదిలో 53 అడుగుల నీరున్నప్పుడు ఏ ఊరిలో ఏ వీధి మునుగునో ఆ అంకె చెప్పజాలదు. దానిని చెప్పవలసినది ఆ ఊరి పంచాయతీ. వరదల ఎదుట స్థానిక సంస్థల కర్తవ్యం ఇక్కడే ఆరంభమవుతుంది.

మహారాష్ట్రలోని త్ర్యంబకం వద్ద పుట్టి 1,465 కిలోమీటర్లు ప్రవహించే గోదావరికి రాష్ట్రాల ఎల్లలు పట్టవు. ప్రాణహిత, ఇంద్రావతి, శబరి నదులు మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్, ఒడిశాలలో కురిసిన వాననీటిని తెచ్చి అందులో కలుపుతాయి. కనుక ఊరిలో చినుకైనా పడకుండానే ఏరు పొంగవచ్చు. తెరిపి ఇచ్చిన ఆకాశం కింద ఇల్లు విడిచి పొమ్మంటే నమ్మడం ఎవరికైనా కష్టమే. గోదావరి ఉధృతంగా ఉన్నప్పుడు కూనవరం వద్ద శబరి నీరు వెనుకకు తన్ని పల్లెలను చుట్టుముడుతుంది. 2014లో ఈ ప్రాంతం ఆంధ్రప్రదేశ్‌లో చేరింది. భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉంది. ఒక రాష్ట్రంలో కొలిచిన మట్టాన్ని బట్టి మరొక రాష్ట్రంలోని కుటుంబం మూటాముల్లె సర్దుకోవలసి ఉన్నది.

1986 ఆగస్టులో భద్రాచలం వద్ద నీటిమట్టం 75.6 అడుగులకు పెరిగింది. ధవళేశ్వరం ఆనకట్ట మీదుగా సుమారు 35 లక్షల క్యూసెక్కుల నీరు సముద్రం వైపు సాగింది. 2022 జూలైలో మట్టం మళ్లీ 71.3 అడుగులకు చేరింది. ఈ రెండింటి నడుమ ఒక తరం గడిచిపోయింది. 1986 నాటి నీరు ఎంతవరకు వచ్చినదో ఎరిగిన పెద్దలు ఒక్కొక్కరే కనుమరుగవుతున్నారు. వారు ఉండగానే ఆ గుర్తులను బడిగోడ మీద, రచ్చబండ మీద, కరెంటు స్తంభాల మీద రంగుతో వేయించడం పంచాయతీకి పెద్ద ఖర్చు కాదు. భద్రాచలంలో ఇన్ని అడుగులుంటే మన ఊరిలో ఇంతవరకు అని ఆ గుర్తు పక్కనే వ్రాయిస్తే హెచ్చరిక అందరికీ బోధపడుతుంది. ఈ మన్యంలో కోయభాష మాట్లాడే పల్లెలు అనేకం. అక్కడ దండోరా తెలుగులో మాత్రమే వేయిస్తే చాలదు.

కదలమన్నా కదలనివారిని మూర్ఖులనడం తొందరపాటు. పశువులను ఎక్కడ కట్టాలి, గాదెలోని ధాన్యం ఏమగును, తాళం వేసిన ఇంటికి కాపలా ఎవరు? ఈ ప్రశ్నలకు ముందుగా సమాధానం లభిస్తే జనం వాతంతటే కదులుతారు. మెరక భూమిలో పశువులకు చోటు, ఎండుగడ్డి నిల్వ, పడవలు నడిపేవారి పేర్లు, నెలలు నిండిన స్త్రీల, మంచం పట్టిన వృద్ధుల జాబితా, బడి తాళంచెవి ఎవరివద్ద ఉన్నదన్న సమాచారం జూన్ నెలకు ముందే పంచాయతీ కార్యాలయంలో సిద్ధంగా ఉండాలి. సర్పంచి మారినా ఆ కాగితం మారిపోకూడదు.

2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం జిల్లా ప్రాధికార సంస్థకు కలెక్టరును అధ్యక్షునిగా, స్థానిక సంస్థకు ఎన్నికైన ప్రతినిధిని సహాధ్యక్షునిగా నియమించింది. సిబ్బందికి శిక్షణ ఇవ్వడం, సాధనాలను వాడుకకు సిద్ధంగా ఉంచడం స్థానిక సంస్థల విధులని 41వ సెక్షను నిర్దేశిస్తున్నది. విధిని చెప్పిన ఆ సెక్షను ధనం మాట ఎత్తలేదు. పడవ అద్దెకు, లారీ డీజిలుకు పై అధికారి ఉత్తర్వు కొరకు వేచి ఉండే పంచాయతీకి హెచ్చరికకు, నీటికి మధ్యనున్న కొద్ది గంటలూ వ్యర్థమైపోతాయి. స్వల్పమొత్తమైనా ముందుగానే ఖర్చుపెట్టే అధికారం పంచాయతీకి ఉండడం న్యాయం.

కేరళ అనుభవం ఇక్కడ పరిశీలించదగినది. 2018 ఆగస్టు వరదలలో తీరప్రాంత మత్స్యకారులు తమ పడవలను లారీలకెక్కించి లోతట్టు ఊళ్లకు తెచ్చి వేలాదిమందిని కాపాడారు. అది ప్రజల చొరవ. ఆ తరువాత ఆ రాష్ట్రం స్థానిక సంస్థలన్నిటిచేత విపత్తు నిర్వహణ ప్రణాళికలు వ్రాయించింది. అయితే ఒక పంచాయతీ ప్రణాళికను చూచి మరొకటి నకలు దింపుకుంటే ప్రయోజనం శూన్యం; వాగు ఏ మలుపులో గట్టు దాటునో ఆ ఊరివారికే తెలుసు.

నీరు తీసిన తరువాతి పనికి సాధారణంగా పత్రికలలో చోటు తక్కువ. బావులలో బ్లీచింగు పొడి కలపడం, చచ్చిన పశువులను పూడ్చడం, పాముకాటు మందు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉన్నదో లేదో చూడడం, నష్టపోయిన ఇళ్ల జాబితాను అందరి ఎదుట చదివి వినిపించడం వంటివన్నీ పంచాయతీ మీదే పడతాయి. సహాయ శిబిరంగా మారిన బడిని కడిగి, పిల్లలకు పుస్తకాలు సమకూర్చి, ఏ తేదీన తిరిగి తెరవాలో కూడా ఆ ప్రణాళికలోనే వ్రాసి ఉంచాలి.