పెరటి కోళ్ళకు చుక్కనీటి గొట్టము

 

గ్రంథాలయ రజతోత్సవ వేదికపై కోళ్ళ నీళ్ళను గూర్చి ప్రసంగమేమిటని కొందఱికి నవ్వు రావచ్చును. పురాణ కాలక్షేపమునకు, కవితాగోష్ఠికి వేఱు వేళలు కలవు. పెద్దవంగర వంటి ఊరిలో పెరటి కోడి ఇల్లాలి చేతిలోని రొక్కము. పిల్లల పలకా బలపములు, పండుగనాటి ఖర్చు, అకస్మాత్తుగా వచ్చిన జ్వరమునకు మందు ఆ గుడ్ల పైననే జరిగిన ఇండ్లు ఎన్నియో కలవు. అట్టి కోడికి గింజలు వేయుటలో చూపు శ్రద్ధ నీరు పెట్టుటలో చూపువారు అరుదు.

పగిలిన మూకుడో, పాత సత్తు గిన్నెయో పెరట నొక మూల పడియుండును. కోడి అందులో కాలుపెట్టును, గీరిన మన్ను అందులో పడును, రెట్టయు పడును. మధ్యాహ్నమునకు ఆ నీరు వెచ్చని బురద. ఒక కోడికి పారుడు పట్టినచో ఆ మూకుడే తక్కినవానికి దానిని పంచిపెట్టును. కొక్కెర తెగులు సంగతి చెప్పనక్కఱలేదు. హిమాలయ ప్రాంతపు రాణిఖేత్ పట్టణము పేరు ధరించిన ఆ వ్యాధి వచ్చినచో కొలది దినములలో గూళ్ళకు గూళ్ళే ఖాళీయగును. రోగపు కోడి రెట్ట, ముక్కునీరు కలిసిన నీరు కూడ దానికొక త్రోవ. చుక్కనీటి గొట్టము టీకాకు బదులు కాదు. ఈ మాట మఱువరాదు. కాని ఆ యొక్క త్రోవను అది చాలవఱకు మూయగలదు.

పెద్ద కోళ్ళ ఫారములలో నిపుల్ అని పిలుచునది ఇదియే. మూత గల బకెట్టు అడుగున బరమాతో రంధ్రము చేసి బిగించినను సరి, గొట్టమునకు వరుసగా బిగించినను సరి. లోపల చిన్న ఉక్కుపుల్ల యొకటి యుండును. ముక్కుతో దానిని కదలించినపుడు మాత్రమే నీరు చుక్కగా దిగును, విడిచినచో నిలిచిపోవును. బకెట్టును కొంచెము ఎత్తున వ్రేలాడగట్టిన చాలును. కుళాయికి నేరుగా తగిలించినచో ఒత్తిడికి కారిపోయి గూడంతయు తడియగును. ఎనిమిది పది కోళ్ళకు ఒక నిపుల్ చాలునందురు గాని పెరటిలో రెండుండుట మంచిది. పెత్తనము చేయు పెట్ట ఒకటి ప్రతి మందలోను ఉండును గదా!

చిక్కు కోడికి నేర్పుటలో కలదు. కోడి పశువువలె నీటిని పీల్చలేదు. ముక్కు ముంచి, నింపుకొని, తలయెత్తి గొంతులోనికి జార్చుకొనును. పుట్టినది మొదలు క్రిందికి వంగుటకు అలవాటుపడిన ప్రాణి పైకి చూచి త్రాగవలెను. అయితే దాని స్వభావములోనే ఇందుకు సాయము కలదు. తెల్లవాఱుజామున గడ్డిపోచపై మెఱయు మంచుబిందువును అది పొడువక మానదు. కావున పుల్లను వ్రేలితో తాకి, చుక్క వ్రేలాడుచు మెఱయునట్లు చేసి చూపవలెను. ఒకటి పొడిచినచో తక్కినవి దానిని చూచి వచ్చును.

పిల్లలకు నేర్పుట మిక్కిలి సులభము. హైదరాబాదు రాజేంద్రనగరులోని కోళ్ళ పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా, గ్రామప్రియ జాతుల పిల్లలను మొదటి కొన్ని వారములు వెచ్చని చోట కాపాడి, పిదపనే పెరట విడుతురు. ఆ వారములే చదువుకాలము. తొలుత నిపుల్ పిల్ల కంటి యెత్తున ఉండవలెను. పెరిగిన కొలది పైకి లేపవలెను. పెద్దకోడి పాదములు నేలపై ఆనించియే మెడ చాచి త్రాగునంత ఎత్తు సరియైనది.

ఈడు వచ్చిన కోళ్ళకు నేర్పుటకు తెల్లవాఱు వేళ తగినది. రాత్రియంతయు నీరు లేక అవి దప్పికతో నుండును. గూడు తెఱచుటకు ముందు ఒక గంటసేపు లోపల నిపుల్ మాత్రమే యుంచి, పిదప యథాప్రకారము విడిచి మూకుడు చూపవలెను. వారము పదిదినములలో చాలవఱకు పట్టుకొనును. మూకుడును ఒక్కసారిగా తీసివేసి "దప్పికయే నేర్పును" అనుట మాత్రము మూర్ఖత్వము, క్రూరత్వమును. కోడికి చెమట లేదు. నోరు తెఱచి రొప్పుటయే దానికి చల్లదనము. మామూలు దినములలో పావు లీటరు వఱకు త్రాగు పెట్ట ఎండలు ముదిరినపుడు దానికి రెట్టింపు కోరును. గుడ్డులో సుమారు ముప్పాతిక వంతు నీరే. ఒక్క దినము నీరు తప్పినచో గుడ్లు కొన్ని దినములు తగ్గును. నడివేసవిలోనైనచో కోడియే దక్కదు. కనుక ఈ విద్య కార్తీక మార్గశిరములలో మొదలుపెట్టవలెనే గాని, వైశాఖములో కాదు.

నేర్చినదో లేదో సాయంకాలము మెడ క్రింది మేతసంచిని తడిమి చూచిన తెలియును. మెత్తగా నున్నచో నీరందినది. గింజలు గట్టిగా చేతికి తగిలినచో అందలేదు. బకెట్టుపై బొగ్గుతో గీత గీచి నీటిమట్టమును కనిపెట్టుటయు మంచిదే.

బోరునీటి ఉప్పు పేరుకొని పుల్ల బిగుసుకొనుట కలదు. వారమునకొకసారి ప్రతి పుల్లను వ్రేలితో కదలించి చూడవలెను. బకెట్టు నీడలో నుండవలెను. ఎండలో నున్న నల్లగొట్టపు నీటిని కోడి ముట్టదు. 2016లో ఆరంభమైన మిషన్ భగీరథ కుళాయి నీటిలో క్లోరిన్ కలుపుదురు. త్రాగుటకు అది మేలే గాని, అందులో కొక్కెర టీకా కలిపినచో టీకా చెడును. పది పదునైదు కోళ్ళు గలవారు పశువైద్యుని అడిగి, కంటిలో చుక్కవేయు టీకానే వేయించుట మేలు.

ఎంత నేర్పినను పైకి చూడని ముసలిపెట్ట ఒకటి ఏ గూటిలోనైనను మిగులును. దానికై చిన్న మూకుడు నొకదానిని ఇటుకపై ఎత్తుగా పెట్టి, ఉదయము సాయంత్రము కడిగి నింపవలసినదే.