సైకిలు షాపు బల్ల

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నాకిచ్చిన విషయం “ముస్లిములు – పౌర బాధ్యత”. అంత పెద్ద విషయాన్ని ఇరవై నిమిషాల్లో మోయటం నా వల్ల కాదు. అందుకని వారి అనుమతితో దాన్ని కొంచెం చిన్నది చేసుకున్నాను. మన గుంటూరు సైకిలు షాపుల గురించి నాలుగు మాటలు చెబుతాను. ఓటు సంగతీ, వార్తల సంగతీ అందులోనే వస్తాయి. ఎందుకంటే మన పేటల్లో ఆ రెండూ చాలాకాలం సైకిలు షాపు ముందు బల్ల మీదనే కూర్చున్నాయి.

ఈమధ్య మనవాళ్ళను ఎగతాళి చెయ్యటానికి “పంక్చర్లు వేసుకునేవాళ్ళు” అనే మాట కొందరి నోటికి అలవాటయింది. అది విని మన కుర్రాళ్ళు తలవంచుకుంటున్నారు. ఎందుకు వంచుకోవాలో నాకు తెలియదు. లాలాపేటలో, ఆనందపేటలో, సంగడిగుంటలో, పొన్నూరు రోడ్డు పొడుగునా ఆ పని చేసి పిల్లల్ని చదివించుకున్న ఇళ్ళెన్నో వున్నాయి. పెట్టుబడి తక్కువ. ఒక గాలి పంపు, ఒక తొట్టెడు నీళ్ళు, నాలుగు పానాలు, ఒక సొల్యూషన్ ట్యూబు, చెట్టు నీడ వుంటే చాలు. కానీ చేతిపని మాత్రం ఎక్కువ. చక్రం బెండు తియ్యటం చూశారా? చక్రాన్ని తిప్పి వదిలి, రిమ్ము ఎటు వూగుతున్నదో కనిపెట్టి, ఎదుటి వైపు ఊచ ఒకటి బిగించి, ఆ వైపు ఊచ ఒకటి వదులు చేసి, మళ్ళీ తిప్పి చూడాలి. ఒక్క చుట్టు ఎక్కువ బిగిస్తే ఇంకోచోట వంకర వస్తుంది. ఆ ఓపిక అందరికీ రాదు.

ఆ రోజుల్లో ఊరంతా సైకిలు మీదే వుండేది. గుమాస్తాలు, పంతుళ్ళు, పాలవాళ్ళు, మిర్చి కొట్ల కూలీలు, కోర్టు బంట్రోతులు, అందరిదీ అదే బండి. రాలీ వున్నవాడు కొంచెం దర్జాగా చూసేవాడు, అట్లాస్ వున్నవాడు బరువు మోసేవాడు. పెళ్ళికొడుక్కి సైకిలూ, వాచీ, రేడియో పెడితే ఆ సంబంధం గురించి వీధంతా చెప్పుకునేవారు. మునిసిపాలిటీ వారికి పన్ను కట్టి రేకు బిళ్ళ బిగించుకోవాలి. రాత్రిళ్ళు లైటు లేకుండా పోతే పోలీసు గాలి తీసేసేవాడు. అప్పుడు సైకిలు నడిపించుకుంటూ వచ్చేది కూడా ఈ షాపుకే. ఆ అట్లాస్ కంపెనీ సాహిబాబాద్ ఫ్యాక్టరీ 2020 జూన్ 3న మూతపడింది. ఆ తేదీ ప్రపంచ సైకిలు దినం కావటం చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు.

సరే, బల్ల దగ్గరికి వద్దాం. పంక్చరు అతికే లోపల పది నిమిషాలు కూర్చోవాలి గదా! ఆ పది నిమిషాల కోసం వేసిన బల్ల అది. దాని మీద ఒక తెలుగు పేపరు, ఆంధ్రపత్రికో, ఆంధ్రప్రభో, విశాలాంధ్రో, 1974 తరువాత ఈనాడో వుండేది. హైదరాబాదు నుంచి సియాసత్ ఆలస్యంగా వచ్చేది. తెలుగు లిపి రాని ముసలాయనకు తెలుగు పేపరు ఒకరు చదివి చెప్పేవారు. ఉర్దూ లిపి రాని కుర్రాడికి ఆ ముసలాయన సియాసత్ చదివి వినిపించేవాడు. లోపల రేడియోలో విజయవాడ కేంద్రం వార్తలు. యుద్ధమో, ఎన్నికలో వస్తే రాత్రికి బి.బి.సి. ఉర్దూ.

ఆ బల్ల మీద అందరూ ఒక్క మాట మీద వుండేవారని మాత్రం అనుకోకండి. “ఎవడికేసినా మన వీధి కాలవ ఇంతే చాచా” అని ఒకడు. “వెయ్యకపోతే ఆ కాలవ గురించి అడిగే మొహం గూడా నీకుండదు బేటా” అని ఇంకొకరు. పెద్దలు చెప్పిన గుర్తుకే వెయ్యాలని ఒకరంటే, పెట్టెలో చెయ్యి పెట్టేది నేనా పెద్దలా అని మరొకడు. 1977లో ఉత్తరాదంతా కాంగ్రెసు తుడిచిపెట్టుకుపోయిందని రేడియో చెబుతుంటే, మన రాష్ట్రంలో 42 లోక్‌సభ స్థానాల్లో 41 కాంగ్రెసుకే వచ్చాయి. దేశమంతా ఒకవైపు, మనం ఒకవైపు. మనం తెలివైనవాళ్ళమా, అమాయకులమా అని ఆ బల్ల మీద నెల రోజులు వాదించుకున్నారు. తేలలేదు. ఇప్పటికీ తేలలేదనే నా అభిప్రాయం.

1982 మార్చిలో తెలుగుదేశం పార్టీ పుట్టి, 1983 జనవరిలో ప్రభుత్వంలోకి వచ్చింది. ఆ పార్టీ గుర్తు సైకిలు. ఇది రాజకీయ వేదిక కాదు, నేను ఎవరికీ ఓటు అడగటం లేదు. కానీ ఆ గుర్తు వల్ల షాపుల వాళ్ళకు వచ్చిన తంటా చెప్పక తప్పదు. బోర్డు మీద సైకిలు బొమ్మ వుంటే “నువ్వు ఆ పార్టీవాడివా సాయిబూ” అని అడిగేవారు. “అయ్యా, నా బోర్డు గీయించినప్పుడు ఆ పార్టీ ఇంకా పుట్టలేదు” అని జవాబు. ఇంకొకాయన మరీ చమత్కారి. “అన్ని పార్టీలవాళ్ళ గాలీ నేనే కొడతాను” అనేవాడు.

ఇక వార్తల సంగతి. పుకార్లు అప్పుడు లేవా అంటే, ఎందుకు లేవు! 1979లో స్కైలాబ్ మన నెత్తిన పడుతుందన్నారు. చచ్చేలోపల తిందామని ఊళ్ళల్లో మేకలూ కోళ్ళూ కోసుకు తిన్నారు. జులై 11న అది హిందూ మహాసముద్రంలో కొంతా, పడమటి ఆస్ట్రేలియాలో కొంతా పడింది. తిన్నవాళ్ళు అప్పులు తీర్చుకున్నారు. కాబట్టి పాత రోజుల్లో అందరూ సత్యసంధులని నేను చెప్పను.

తేడా ఎక్కడంటే, అప్పుడు పుకారు కూడా సైకిలు మీద వచ్చేది. సైకిలు దిగాలి, స్టాండు వెయ్యాలి, బల్ల మీద కూర్చోవాలి, నలుగురి మొహాలు చూసి చెప్పాలి. “పొన్నూరులో గొడవలయ్యాయట” అని ఒకడంటే, గాలి కొట్టించుకుంటున్నవాడు “నేను అక్కణ్ణుంచే వస్తున్నాను, ఏమీ లేదే” అనేవాడు. “నువ్వు చూశావా, విన్నావా?” అనేది మొదటి ప్రశ్న. “విన్నాను” అంటే “ఎవరు చెప్పారు?” అనేది రెండో ప్రశ్న. మూడో ప్రశ్నకు చాలా పుకార్లు చచ్చిపోయేవి. ట్యూబును నీళ్ళల్లో ముంచితే బుడగ ఎక్కడ వస్తే అక్కడే చిల్లి. చూడకుండా అతుకు వేసేవాడు లేడు.

ఇప్పుడు ఫోనులో వచ్చినదానికి మొహం లేదు. ఎవరు పంపారంటే మేనల్లుడు, మేనల్లుడికి ఎవరంటే ఏదో గ్రూపు. పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళు తిరుగుతున్నారని 2018లో ఇలాగే ఫోన్లలో పుకారు పాకి దేశంలో పలుచోట్ల ప్రాణాలు పోయాయి. ఆ మే నెలలో హైదరాబాదు చాంద్రాయణగుట్టలో ఒక హిజ్రాను జనం కొట్టి చంపారు. మన తెలుగు నేల మీదే, మనవాళ్ళు ఎక్కువగా వుండే పేటలోనే. ఆ తరువాతనే జులైలో వాట్సాప్ కంపెనీ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదుగురికి మించి పంపకుండా కట్టడి పెట్టింది. ప్రాణాలు పోయిన తరువాత కంపెనీ కట్టడి చేసింది. మన దగ్గర ఆ కట్టడి పధ్నాలుగు వందల ఏళ్ళ నుంచీ వున్నది. ఖుర్‌ఆన్‌లో సూరా హుజురాత్ ఆరవ ఆయతు చెప్పేది ఇదే గదా! నమ్మదగనివాడు కబురు తెస్తే విచారించుకోవాలి, లేకపోతే తెలియక ఒక జనానికి హాని చేసి తరువాత పశ్చాత్తాపపడతారని దాని భావం. జకాతు వసూలుకు పంపిన మనిషి, అక్కడికి సరిగా చేరకుండానే “వాళ్ళు ఇవ్వమన్నారు, చంపబోయారు” అని తిరిగివచ్చి చెప్పిన సందర్భంలో అది దిగిందని చాలా తఫ్సీరులలో వున్నది. విచారిస్తే ఆ తెగవారు జకాతు పట్టుకుని ఎదురు చూస్తున్నారని తేలింది. విచారించకపోతే యుద్ధమే జరిగేది. ఈ ఆయతు మనందరికీ వచ్చు. ఫోను చేతిలోకి తీసుకోగానే మరిచిపోతున్నాం.

పోలింగు ముందురోజు వచ్చే కబుర్లు మరీ ప్రమాదం. “మీ బూతు మారింది”, “ఆ కార్డు లేకపోతే రానివ్వరు”, “అక్కడ గొడవగా వుంది, ఆడవాళ్ళను పంపొద్దు”. ఈ ఒక్క మాటతో ఒక వీధి వీధి ఇంట్లో కూర్చుండిపోతుంది. ఓటరు కార్డు చేతిలో లేకపోయినా జాబితాలో పేరుంటే ఆధారు, పాస్‌పోర్టు, డ్రైవింగ్ లైసెన్సు, ఉపాధి హామీ కార్డు వంటివాటిలో ఒకటి చూపి ఓటు వెయ్యవచ్చు. కార్డు వుండి జాబితాలో పేరు లేకపోతే మాత్రం వెయ్యలేం. ఇది తిరగబడిన సంగతిలా కనబడుతుంది గానీ, అసలు సంగతి ఇదే. అన్నిటికంటే ముఖ్యం జాబితా. నేను ఇవాళ చెప్పదలచుకున్నదీ ఆ జాబితా గురించే.

అద్దె సైకిళ్ళ షాపులో ఒక నోటుబుక్కు వుండేది, గుర్తుందా? పేరు, సైకిలు నంబరు, తీసుకున్న టైము. మన పేటలో షేక్ మస్తాన్ అంటే ఎంతమంది? షేక్ మస్తాన్‌వలి ఎంతమంది? సుభానీలు, కరీముల్లాలు, నాగూర్లు, ఖాజాలు ఎంతమంది? షాపు యజమాని ఎప్పుడూ తికమకపడలేదు. “టైలరు మస్తాన్”, “మిర్చి కొట్టు మస్తాన్”, “రైలుగేటు మస్తాన్” అని రాసుకునేవాడు. ఒక మస్తాన్ సైకిలు తిరిగి ఇవ్వకపోతే ఇంకో మస్తాన్ దగ్గర డబ్బులు వసూలు చెయ్యలేదు.

ఓటర్ల జాబితాకు ఆ కళ్ళు లేవు. దానికి తెలిసింది పేరు, తండ్రి లేక భర్త పేరు, ఇంటి నంబరు, వయసు. ఒకే పేరు, దగ్గరి వయసు, తండ్రి పేరు గూడా ఒకటే అయితే అది రెండుసార్లు ఎక్కిన పేరేమోనన్న అనుమానం వస్తుంది. పైగా మన పేర్లు కాగితానికొక రకం. ఒకదానిలో షేక్ ముందు, ఒకదానిలో వెనక. ఒకదానిలో ఎస్.కె. అని పొట్టి అక్షరాలు. ఆడవాళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు. రేషను కార్డులో బీబీ, ఆధారులో బీబీజాన్, ఓటరు కార్డులో బేగం. పెళ్ళికి ముందు షేకు, పెళ్ళయ్యాక పఠాన్. పుట్టింటి బూతులో పేరు తీసెయ్యరు, అత్తగారింటి బూతులో ఎక్కించరు.

2018 డిసెంబరులో తెలంగాణ శాసనసభ ఎన్నికల రోజున పేర్లు గల్లంతయ్యాయని ఎంతోమంది బూతుల దగ్గరి నుంచి తిరిగి వెళ్ళారు. ఎన్నికల ముఖ్య అధికారి బహిరంగంగా క్షమాపణ చెప్పారు. క్షమాపణ వచ్చింది, ఓటు రాలేదు. మరుసటి సంవత్సరం ఎన్నికల ముందు మన ఆంధ్రప్రదేశ్‌లో, పేర్లు తీసెయ్యమనే ఫారం 7 దరఖాస్తులు లక్షల సంఖ్యలో పడ్డాయి. చాలావాటిని ఎవరు పెట్టారో వారికే తెలియదని తేలి కేసులు పెట్టారు.

ఇంకా వెనక్కి పోతే, 1951–52లో మొట్టమొదటి సాధారణ ఎన్నికలప్పుడు దాదాపు 28 లక్షల మంది స్త్రీల పేర్లు జాబితాలో నుంచి తీసేశారు. ఎక్కువ భాగం ఉత్తరాదిలో. కారణం, వారు తమ పేరు చెప్పలేదు. ఫలానావారి భార్యను, ఫలానావారి తల్లిని అన్నారు. పేరు చెప్పని మనిషిని జాబితాలో వుంచటానికి వీల్లేదని అప్పటి ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ గారు పట్టుబట్టారు. అప్పుడు పేరు చెప్పక పోయింది. ఇప్పుడు నాలుగు పేర్లు చెప్పి పోగొట్టుకుంటున్నాం.

తల్లులు, అక్కచెల్లెళ్ళు దీన్ని మగవాళ్ళకు వదిలెయ్యవద్దు. 1990ల మొదట్లో తమిళనాడు పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం వారు ఆడవాళ్ళకు సైకిలు నేర్పారు. లక్షమందికి పైగా నేర్చుకున్నారు, అందులో మన ముస్లిం స్త్రీలూ వున్నారు. మొదట్లో వెకిలి మాటలన్నవాళ్ళే తరువాత వాళ్ళ చేత బజారు పనులు చేయించుకున్నారు. ఒకరు తీసుకుపోతేనే గానీ బూతుకు పోలేనివారి ఓటు సగం తీసుకుపోయినవాడిదే అవుతుంది. అభ్యర్థులు బండ్లు పెట్టి ఓటర్లను ఉచితంగా తోలుకుపోవటం 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం అక్రమం గూడా. మన బూతులు చాలావరకు నడిచిపోయే దూరమే. సైకిలైతే ఐదు నిమిషాలు.

ఇక చెయ్యవలసిన పని. కార్యదర్శి గారితో మాట్లాడాను, వారు ఒప్పుకున్నారు. వచ్చే శుక్రవారం నుంచి నాలుగు వారాలు, జుమా నమాజు తరువాత సంఘం గదిలో మన డిగ్రీ చదివే పిల్లలు ముగ్గురు కూర్చుంటారు. వీధివారీగా జాబితాలు వారి దగ్గర వుంటాయి. మీ ఆధారు, ఓటరు కార్డు, రేషను కార్డు మూడూ తీసుకురండి. పేరు మూడింటిలో ఒకేలా వుందో లేదో వాళ్ళు చూస్తారు. కొత్తవాళ్ళకు ఫారం 6, తప్పులకూ ఇల్లు మారినవాళ్ళకూ ఫారం 8. పద్ధెనిమిదేళ్ళు నిండినవాళ్ళు జనవరి దాకా ఆగనక్కర్లేదు, ఇప్పుడు సంవత్సరానికి నాలుగు తేదీలు వున్నాయి: జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు ఒకటో తారీఖులు. చనిపోయినవారి పేర్లు గూడా చెప్పండి. అవి అలాగే వుంచితే ఎవరో ఒకరు వాటితో ఓటు వేసి మన వీధికి చెడ్డపేరు తెస్తారు. ఎవరికి ఓటు వేస్తారని మాత్రం పిల్లలు అడగరు, మీరూ చెప్పకండి.

నడవలేనివాళ్ళ ఇళ్ళకు మన సైకిలు షాపుల కుర్రాళ్ళు వస్తామన్నారు. ఏ ఇంట్లో ఏ మస్తాన్ వున్నాడో వాళ్ళకు తెలిసినంతగా మనలో ఎవరికీ తెలియదు. పొన్నూరు రోడ్డు వైపు ఇద్దరు చాలటం లేదు, ఇంకొకరు కావాలి. ఎవరైనా ముందుకు వస్తే సభ అవగానే నన్ను కలవండి. బహుమతుల కోసం పిల్లలు లేచి నిలబడుతున్నారు, నేను కూర్చుంటాను. ఖుదా హాఫిజ్.