ఫోర్‌హ్యాండ్ చేతిలో లేదు

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఇంజినీరు కదా, వంతెనల గురించి చెబుతాడని నన్ను పిలిచినట్టున్నారు. నేను మన వరండాలోని టేబుల్ టెన్నిస్ బల్ల గురించి చెబుతాను.

ఆ బంతి బరువు 2.5 గ్రాములు. ఆషాఢం గాలికి అది బల్ల మీద కన్నా వేపచెట్టు కిందే ఎక్కువసేపు ఉండేది. గాలిని గెలవాలని నేను భుజం బలమంతా పెట్టి బాదేవాణ్ణి. డ్రిల్లు సారు చూసి, "ఏమప్పా, ఈగలు తోల్తాండావా? వడిసెల తిప్పేటోడు చేత్తో ఇసుర్తాడా, నడుముతోనా?" అనేవారు. మేం నవ్వేవాళ్లం. జోనల్ పోటీల్లో, ఆఖరి గేములో 19 సమానంగా ఉన్నప్పుడు రెండు ఫోర్‌హ్యాండ్లు బల్ల దాటించి ఓడాను. తప్పు గాలిదే అన్నాను. ఆ రోజు ఆడింది తలుపులు మూసిన హాల్లో!

యాభై దాటాక మా అపార్ట్‌మెంటులో మళ్లీ బ్యాటు పట్టాను. మూడు నెలలకే కుడి భుజం పైకి లేవలేదు. చొక్కా మా ఆవిడ తొడగాల్సి వచ్చింది. ఫిజియోథెరపిస్టు నా స్ట్రోకు చేసి చూపమంది. చూసి, "మీ నడుము ఏం చేస్తోంది సార్?" అని అడిగింది. మన సారు ప్రశ్నే. నలభై ఏళ్ల తర్వాత ఫీజు కట్టి విన్నాను.

కుడిచేతి వాటం వాళ్లకు చెబుతున్నాను. కుడి పాదం అరడుగు వెనక్కి, మోకాళ్లు కాస్త వంచి, బరువు మునివేళ్ల మీద. మోచేతిని వెనక్కి లాగొద్దు. నడుము తిప్పితే చెయ్యి దాంతోనే వెళ్తుంది. కొట్టేటప్పుడు బరువు కుడికాలి నుంచి ఎడమకాలికి మారాలి, వెంటే నడుము, చివర్న ముంజేయి. బంతి ఎగిరి పైఎత్తున ఉన్నప్పుడు, ఒంటికి ముందు తగలాలి. బ్యాటును కొంచెం ముందుకు వంచి బంతి పైభాగాన్ని రాస్తూ కొడితే, అది ముందుకు దొర్లుతున్నట్టు తిరుగుతుంది. అప్పుడు గాలే దాన్ని కిందికి నొక్కుతుంది. మేం తిట్టుకున్న గాలి ఇక్కడ మనవైపు! బ్యాటు సెల్యూట్ చేసినట్టు నుదుటి దగ్గర ఆగాలి. పిడికిలి మాత్రం బిగించొద్దు.

ముందు బంతి లేకుండా అద్దం ముందు చేయండి. తర్వాత మూల నుంచి మూలకు కొట్టండి. బల్ల పొడవు 2.74 మీటర్లు, కర్ణం 3.14. దాదాపు 40 సెంటీమీటర్లు ఉచితం. వరుసగా యాభై పడేదాకా వేగం జోలికి పోవద్దు.

అనంతపురంలో 2010లో నాదల్ టెన్నిస్ స్కూలు వచ్చింది, సంతోషం. కానీ ఆ పెద్ద ఊపు ఈ బల్ల మీద పనికిరాదు, అంత టైము ఉండదు. హైదరాబాదు అమ్మాయి ఆకుల శ్రీజ 2022 కామన్వెల్త్ క్రీడల్లో శరత్ కమల్‌తో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం గెలిచింది. ఆ వీడియో దొరికితే బంతిని వదిలేసి ఆమె పాదాలు చూడండి.

సారు ముందు వరుసలోనే ఉన్నారు. సార్, ఇప్పుడు నడుము తిరుగుతోంది. భోజనాలయ్యాక వరండాలో బల్ల వేయిస్తున్నాం, గాలికి తడికె కూడా కట్టించాను. మొదటి సర్వీసు మీదే.