మూతబడిన మిల్లు ఎవరి ఆస్తి?
(ముదలియార్‌పేటలో రైల్వే, తపాలా ఉద్యోగుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



కడలూరు రోడ్డు రైలు గేటుకు ఎ.ఎఫ్.టి. మిల్లు పేరే నిలిచిపోయినది. మిల్లు మాత్రం నిలువలేదు. 1898లో ఫ్రెంచి పాలనలో పుట్టి, 1986లో ప్రభుత్వపరమై, 2011 డిసెంబరు నాటి థానే తుపానుకు దెబ్బతిని, 2020 ఏప్రిల్ 30న మూతబడినది. ఇటువంటి విశాల భవనాలను దుకాణ సముదాయాలుగానో, సామాను దాచుకొను అద్దె గోదాములుగానో మార్చవలెనను మాట నేడు ప్రతి నగరంలోను వినబడుచున్నది.

పాత కట్టడాన్ని కూల్చక వాడుకొనుట తప్పని మేము అనము. మా ప్రశ్న ఒక్కటే: ఆ మార్పు ఎవరి మేలుకు?

బొంబాయి అనుభవం మన ముందున్నది. 1982 జనవరి 18న అక్కడ సుమారు రెండున్నర లక్షల మంది మిల్లు కార్మికులు సమ్మెకు దిగారు. ఆ తరువాత మిల్లులు ఒక్కొక్కటిగా మూతబడినవి. మిల్లు భూమిలో ఒక వంతు ఖాళీ స్థలాలకు, ఒక వంతు ప్రజల ఇళ్లకు, ఒక వంతు యజమానికి అని 1991 నిబంధనలు చెప్పినవి. 2001లో ఆ పంపకాన్ని కట్టడాలు లేని ఖాళీ నేలకే పరిమితం చేశారు. 2006లో సుప్రీంకోర్టు దానిని సమర్థించినది. ప్రజల వాటా కరిగిపోయినది. ఫీనిక్స్ మిల్లు ఆవరణ నేడు పెద్ద మాల్.

గోదాముకు ఒక గుమాస్తా, ఇద్దరు కావలివారు చాలు. దుకాణాలలో ఉద్యోగాలు కొన్ని ఎక్కువే, కాని అవి ఎటువంటివి? అమ్మకపు పనివారికి కూర్చొను హక్కు కొరకు కేరళ 2018లోను, తమిళనాడు 2021లోను చట్టాన్ని సవరింపవలసి వచ్చినది. కుర్చీకే చట్టం కావలసిన చోట వేతనం, భద్రత తమంతట తాము వస్తాయా?

కనుక మా కోర్కెలు నాలుగు. కార్మికుని గ్రాట్యుటీ, బకాయి ఏదైనా మిగిలి ఉన్నచో ముందు దానిని చెల్లించవలెను. భూమిని అమ్మరాదు; గడువుగల కౌలుకు మాత్రమే ఇవ్వవలెను. వచ్చు ఉద్యోగాలలో మిల్లు కుటుంబాలకు ప్రాధాన్యమిచ్చి, భవిష్యనిధి, ఇ.ఎస్.ఐ. కల్పించవలెను. ఒక భాగాన్ని కార్మిక చరిత్రకు కేటాయించవలెను. 1936 జూలై 30న ఈ నగరపు మిల్లు కార్మికులపై ఫ్రెంచి పాలకుల కాల్పులకు 12 మంది బలియైనారు. వి. సుబ్బయ్య వంటి నాయకుల పోరాటంతో 1937లో ఎనిమిది గంటల పనిదినం చట్టమైనది. ఆ రక్తపు జాడపై కేవలం అద్దెల బోర్డు వేలాడుట మాకు సమ్మతం కాదు.

ఇది మిల్లువారి గొడవ, మనకేమి అనుకొనకండి. రైల్వే భూములను వాణిజ్యానికి ఇచ్చుటకు 2006 నుండి ప్రత్యేక ప్రాధికార సంస్థయే ఉన్నది. తపాలా శాఖకును నగరాల నడిబొడ్డున విలువైన స్థలాలున్నవి. నేడు మిల్లు గేటు వద్ద అడుగని ప్రశ్నను రేపు మన కార్యాలయం మెట్లపై నిలిచి అడుగవలసి వచ్చును. అప్పటికి మన ప్రక్కన నిలుచువారెవరు? ఈ విషయాన్ని ప్రతి శాఖా సమావేశంలోను చర్చించి తీర్మానాలు పంపవలసినదిగా కోరుచున్నాము.

కార్మికుల ఐక్యత వర్ధిల్లాలి!