సముద్రపు తాబేళ్ళ నారుమడి



విజయవాడ బెంజ్ సర్కిల్ నుంచి బందరు రోడ్డు పట్టి, పామర్రు దగ్గర మలుపు తిరిగి, చల్లపల్లి, అవనిగడ్డల మీదుగా పోతే కృష్ణమ్మ సముద్రంలో కలిసే తీరం వస్తుంది. ఆ హంసలదీవి, నాగాయలంక ప్రాంతాలకు ఏటా వచ్చే చుట్టాలున్నారు. అవే ఆలివ్ రిడ్లీ అనే సముద్రపు తాబేళ్ళు. ఈ పూట వాటిని గురించి నాలుగు మాటలు చెప్పదలచాను.

ముఖ్యంగా జనవరి, మార్చి మధ్య రాత్రివేళల్లో ఆడతాబేలు ఒడ్డెక్కి, ఇసుకలో సుమారు మూరెడు లోతు గుంట త్రవ్వి, నూరు గ్రుడ్లకు పైగా పెట్టి, ఇసుక కప్పి వెళ్ళిపోతుంది. ఆపైన కాపలా ఉండదు. కుక్కలు, నక్కలు తోడుకు తింటాయి. పోటునీరు ముంచేస్తుంది.

కాపలా లేని నారుమడి ఏమవుతుందో మీకు చెప్పనక్కరలేదు. అందుకనే అటవీశాఖవారు, తీరగ్రామాల మత్స్యకారులు కలిసి రాత్రుళ్ళు జాడలు చూసి గ్రుడ్లు సేకరిస్తారు. కంచెవేసిన ఇసుకమడిలో అదే లోతున పూడుస్తారు. ఇక్కడొక మెలకువ ఉంది. కోడి తన గ్రుడ్లను దొర్లిస్తూ పొదుగుతుంది. తాబేలు గ్రుడ్డును మాత్రం, పెట్టిన కొద్ది గంటలు దాటాక తిరగేస్తే లోపలి పిండం చచ్చిపోవచ్చు. కనుక కుదుపు లేకుండా, ఉన్నది ఉన్నట్లుగా, వెంటనే చేర్చాలి.

45 నుంచి 60 రోజుల్లో పిల్లలు పైకి వస్తాయి. అవి వెలుగున్న దిక్కుకే పోతాయి. చీకటి తీరాన సముద్రమే మెరుస్తుంది. చెరువు గట్టున పెద్ద దీపముంటే అటు పోయి చస్తాయి. తీరాన రొయ్యల చెరువులున్న రైతులు ఆ రోజుల్లో దీపాలకు సముద్రంవైపు మరుగు కట్టాలి.

ఇంత చేసినా వెయ్యింటికి ఒకటి పెద్దదయితే గొప్పేనని అంచనా. అటువంటి పెద్ద తాబేలు వలలో పడితే? దానికి మనలాగే ఊపిరితిత్తులున్నవి. నీటిపైకి రాలేకపోతే ఊపిరాడక చస్తుంది. ఒడ్డున పడి ఉన్న డిప్పలు చాలావరకు ఈ కథే చెబుతాయి.

"వల కోసి వదిలితే మా నష్టం ఎవరిస్తారండీ?" అని అడిగేవారున్నారు. న్యాయమైన ప్రశ్నే. వల ఒక కుటుంబానికి కూడు. ఆ భారం ఒక్క మత్స్యకారుని మీదే పెడితే అతడు నోరు విప్పడు. సహకార సంఘమూ, ప్రభుత్వమూ పాలుపంచుకోవాలి. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ రూపొందించిన కడ్డీల చట్రాన్ని ట్రాల్ వలకు అమర్చితే, రొయ్యలు సందుల్లోంచి లోపలికి పోతాయి. తాబేలు వేరే ద్వారంనుంచి బయటపడుతుంది.

వలలో కదలని తాబేలు దొరికితే చచ్చిందనుకొని నీళ్ళలోకి విసరకండి. బోర్లా ఉంచి, వెనుకభాగం జానెడు ఎత్తు చేసి, నీడన తడిగుడ్డ కప్పండి. ముక్కు మాత్రం మూయరాదు. కొన్ని గంటలకు, ఒక్కొక్కప్పుడు మరునాటికి, తేరుకోవచ్చు. గాయముంటే అటవీశాఖకు కబురు పెట్టండి. 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం వీటిని చంపడం, గ్రుడ్లు అమ్మడం నేరం.

ఈనాడు మీరు వదిలిన పిల్ల గ్రుడ్లు పెట్టడానికి సుమారు పదిహేనేళ్ళు పడుతుంది. ఆ పంట మన పిల్లలు చూస్తారు. మామిడి టెంక నాటే రైతుకు ఇది కొత్త సంగతి కాదు గదా! సెలవు.